ఎవరు ఆలస్యంగా వచ్చారు?

మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళు ఆస్పత్రికి ఆలస్యంగా, జబ్బు ముదిరాక వచ్చారు. మూత్రాశయ క్యాన్సర్ మీద ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసంలో ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. ఇంగ్లీషులో అది చాలా మామూలు వాక్యం. ఆ రంగంలో అలాంటివి ఎన్నో కనిపిస్తాయి. దాన్ని నేను మాత్రం పదిసార్లు చదివాను. ఎందుకంటే ఆ 'ఆడవాళ్ళ'లో మా అత్తయ్య ఒకరు.

నాది సాహిత్యం. కథ చెప్పేవాళ్ళు ఎవరి పక్కన నిలబడి చెబుతున్నారు, ఎవరి మాట వినిపించకుండా పోయింది అని వెతుకుతూనే నా పరిశోధన అంతా గడిచింది. వైద్య వ్యాసాల బాగోగులు తేల్చే అర్హత నాకు లేదు. అయినా ఆ వాక్యం ముందు కూర్చున్నప్పుడు నాకు బాగా అలవాటైన ప్రశ్నే మళ్ళీ ఎదురొచ్చింది. ఈ వాక్యానికి కర్త ఎవరు? ఆలస్యం చేసింది ఎవరు?

మా నాన్నకి అక్క ఆవిడ. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. అప్పటికి 58 ఏళ్ళు. ముట్టు ఆగిపోయి ఎనిమిదేళ్ళయింది. ఒకరోజు తెల్లవారుజామున మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు, మంట లేదు. ఇంట్లో మగపిల్లలకి చెప్పే సంగతి కాదు గనక మూడు రోజులు చూసుకుని, నాలుగో రోజు పక్కింటావిడని తోడు తీసుకుని బస్సెక్కి పట్నంలో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "ఈ వయసులో అప్పుడప్పుడు కనిపిస్తుందమ్మా" అని మాత్రలు రాసిచ్చారు. రక్తం ఆగింది. మాత్రల వల్లే ఆగిందనుకుంది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఇంకో డాక్టరు, మళ్ళీ అదే మందు, "నీళ్ళు బాగా తాగండి" అని ఒక సలహా. నొప్పి లేకుండా రక్తం పడటం, దానంతటదే ఆగడం, మళ్ళీ రావడం ఈ క్యాన్సర్‌కి బాగా తెలిసిన లక్షణమని నేను తర్వాత చదువుకున్నాను. అయిదోసారి వెళ్ళినప్పుడు ఎవరో స్కానింగ్ రాశారు. అప్పటికి ఏడు నెలలు గడిచాయి.

నగరంలో పెద్దాస్పత్రికి తీసుకొచ్చాక ఆవిడ పక్కన ఉన్నది నేనే. సన్నటి గొట్టం పంపి లోపల చూశారు, ముక్క తీశారు, తర్వాత ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ ముందు ఒక కాగితం తెచ్చారు. ఇంగ్లీషులో ఉంది. తీసిన కణితిని, ఆస్పత్రి ఫైలులోని వివరాలను పరిశోధనకి వాడుకోవడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. చదివి అర్థం చెప్పాను.

"నా ఒంట్లోంచి తీసిందాంతో వాళ్ళేం చేస్తారే?" అంది.

"పరిశోధన చేసి రాస్తారత్తయ్యా. నీలాంటి వాళ్ళకి ముందు ముందు పనికొస్తుంది."

"రాసింది నాకు చదివి వినిపిస్తావా?"

వినిపిస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పేరులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఆ మాట ఇవ్వకపోయి ఉంటే నేను ఆ వ్యాసం వెతికేదాన్నే కాదు.

రెండేళ్ళకి వ్యాసం వచ్చింది. చదవాలంటే మామూలు మనిషి డాలర్లలో డబ్బు కట్టాలి. యూనివర్సిటీలో పనిచేసే స్నేహితురాలు తన లాగిన్‌తో తీసి పంపింది. 2025 జనవరి నుంచి 'ఒక దేశం, ఒకే చందా' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల్లో, పరిశోధనా సంస్థల్లో ఉన్నవాళ్ళకి వేలాది పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మంచిదే. అయితే ఆ తలుపు కూడా సంస్థల్లో ఉన్నవాళ్ళకే. కణితి ఇచ్చిన మనిషి ఆ సంస్థల లెక్కలోకి రాదు. ప్రచురం అంటే సమృద్ధిగా ఉన్నది, విస్తారమైనది. ప్రచురణ అంటే ఒకచోట ఉన్నదాన్ని నలుగురికీ విస్తారం చెయ్యడం. ఎవరి శరీరం నుంచి తెలుసుకున్నారో ఆ మనిషిని దాటుకుని మిగతా అందరికీ చేరేదాన్ని ప్రచురణ అనవచ్చా అని అప్పుడు మొదటిసారి అనిపించింది.

వ్యాసం చేతికొచ్చింది గానీ వెంటనే అత్తయ్యకి చదివి వినిపించలేకపోయాను. ఆ వాక్యం అడ్డం వచ్చింది. దాన్నెలా చదవాలో తేల్చుకోలేక, ఈ జబ్బు గురించి ఇదివరకు ఎవరెవరు ఏం రాశారో వెతకడం మొదలుపెట్టాను.

మూత్రాశయ క్యాన్సర్ చాలాకాలం మగవాళ్ళ జబ్బుగానే అచ్చులోకి ఎక్కింది. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు ఫుక్సిన్ అనే రంగు తయారుచేసే కార్మికుల్లో ఈ కణుతులు కనిపిస్తున్నాయని ప్రకటించాడు. 1954లో బ్రిటన్‌లో రాబర్ట్ కేస్, ఆయన సహచరులు రంగుల పరిశ్రమ మీద చేసిన పెద్ద అధ్యయనాన్ని వృత్తి వ్యాధుల పత్రికలో ప్రచురించారు. దాని శీర్షికలోనే 'వర్క్‌మెన్' అని ఉంది. అవి గొప్ప వ్యాసాలు. ఫ్యాక్టరీ యజమానులు ఒప్పుకోవడానికి ఇష్టపడని నిజాన్ని లోకం ముందు పెట్టిన వ్యాసాలు. లెక్కలు కూడా అబద్ధం కావు. 2022లో ప్రపంచం మొత్తం మీద ఈ క్యాన్సర్ కొత్తగా 6 లక్షల మందికి పైగా వచ్చిందని అంచనా. అందులో దాదాపు మూడు వంతులు మగవాళ్ళే. అయితే 'ఎక్కువగా మగవాళ్ళకి వస్తుంది' అన్న మాట డాక్టరు గదిలోకి వచ్చేసరికి 'ఆడవాళ్ళకి రాదులే' అన్న మాటగా మారిపోతుంది. మగవాడి మూత్రంలో రక్తం కనిపిస్తే అది ప్రమాద సూచన. ఆడదాని రక్తానికి మాత్రం ఎప్పుడూ ఏదో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. ముట్టు, ముట్టు ఆగడం, ఆగినది మళ్ళీ రావడం, ఇన్ఫెక్షన్. మన రక్తం ఎవర్నీ కంగారుపెట్టదు.

ఇలా చదువుతుంటే ఒకావిడ ఎదురైంది. పేరు తెలియదు. స్వీడన్‌కి చెందిన 81 ఏళ్ళ స్త్రీ. 1970లో ఆవిడ మూత్రాశయ కణితి నుంచి తీసిన కణాలు ప్రయోగశాలలో పెరగడం మొదలుపెట్టాయి. 1973లో యాన్ బుబెనిక్, ఆయన సహచరులు వాటి గురించి క్యాన్సర్ పత్రికలో రాశారు. వాటికి పెట్టిన పేరు టి24. ఈ రోజుకీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఆ కణాలు పెరుగుతూనే ఉన్నాయి.

1982లో ఆ కణాల్లోనే ఒక పెద్ద రహస్యం బయటపడింది. మామూలు జన్యువు క్యాన్సర్ జన్యువుగా మారడానికి అందులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలునని అమెరికాలో మూడు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి. ఒక జి ఉండాల్సిన చోట ఒక టి. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో పన్నెండో స్థానంలో గ్లైసీన్‌కి బదులు వాలీన్. అంతే తేడా. 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసాల్లో ఒకదానికి మొదటి రచయిత ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియాలో పిహెచ్.డి. చేసి వెళ్ళిన మనిషి. తర్వాత 1987లో మొదలైన 'ఆంకోజీన్' పత్రికకి సంస్థాపక సంపాదకుల్లో ఒకరు. ఆ సంగతి చదివినప్పుడు మనవాడని సంతోషం కలిగింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ అక్షరం చదివినవాళ్ళ పేర్లు మనకి తెలుసు. ఆ అక్షరం ఎవరి ఒంట్లో రాసి ఉందో వాళ్ళ పేరు తెలియదు.

అంతటితో అయిపోలేదు. ఈజె అనే పేరుతో వేరే చోట వేరే మనిషివిగా వాడుతున్న మూత్రాశయ కణాలు నిజానికి టి24 కణాలేనని 1983లో తేలింది. ఆ తర్వాత 1990లో, పసిబిడ్డ బొడ్డుతాడు రక్తనాళం నుంచి వచ్చాయంటూ జపాన్ నుంచి ఇసివి304 అనే కణాలు పరిచయమయ్యాయి. రక్తనాళాల గురించి తెలుసుకోవడానికి ఎంతోమంది వాటిని వాడారు, వ్యాసాలు ప్రచురించారు. అవి కూడా టి24 కణాలేనని 1999లో బయటపడింది. 81 ఏళ్ళ ముసలావిడ కణాలు పొత్తిళ్ళలో బిడ్డ పేరుతో తొమ్మిదేళ్ళు చలామణీ అయ్యాయి. పేరు లేకపోవడం ఒక సంగతి. ఎవరి పేరుతోనో చలామణీ కావడం ఇంకో సంగతి.

మొదట నాకు కోపం వచ్చింది. ఆవిడ పేరు పెట్టి ఉండాల్సిందని అనుకున్నాను. కొంచెం నిదానించి ఆలోచిస్తే ఆ కోపం అంత సూటిగా నిలబడలేదు. మూత్రాశయ క్యాన్సర్ వచ్చిందని నలుగురికీ తెలియడం అందరూ కోరుకునేది కాదు. మా అత్తయ్య ఆపరేషన్ సంగతి మా ఊళ్ళో చాలామందికి 'కడుపులో గడ్డ' అనే తెలుసు. ఆ అబద్ధం ఆవిడే చెప్పింది, తెలిసే చెప్పింది. రోగి పేరు బయటపెట్టకూడదన్న నియమం పోరాడి సాధించుకున్న రక్షణ. ఆడవాళ్ళ శరీరాల్ని బజారున పెట్టడం ఎలా ఉంటుందో తెలిసిన మనం దాన్ని తేలిగ్గా వదులుకోకూడదు. పేరు లేకపోవడం కొన్నిసార్లు చెరిపివేత, కొన్నిసార్లు చాటు. అది చాటు కావాలంటే ఆ మనిషి తనంతట తాను కోరుకుని ఉండాలి. అడగకుండా కప్పిన ముసుగుకీ, తాను తీసి కప్పుకున్న కొంగుకీ తేడా ఉంది కదా.

కాబట్టి పేరు దగ్గర ఆగితే ప్రశ్న పక్కదారి పడుతుంది. వ్యాసం ఆవిడకి బాకీ పడింది పేరు కాకపోతే మరేమిటి?

దానికి సమాధానం అత్తయ్యే చూపించింది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వ్యాసం ముందు పెట్టుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఎంతమందిని చూశారో, ఎవరికి ఎలాంటి కణితి ఉందో, ఎవరికి ఏ చికిత్స చేశారో శ్రద్ధగా వింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించి గబగబా చదివేశాను.

"ఎవరు ఆలస్యంగా వచ్చింది?" అంది.

"అందరి సంగతీ కలిపి రాశారత్తయ్యా."

"అందరిలో నేనూ ఉన్నాగా!"

లేచి లోపలికి వెళ్ళి బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చింది. అందులో మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు, బస్సు టిక్కెట్లు కూడా. మొదటి చీటీ మీద తేదీ చూపించింది. "ఇది నాలుగో రోజు. ఇవి వాళ్ళకి చూపించలేదా నువ్వు?"

చూపించలేదు. ఎవరూ అడగలేదు. స్కానింగ్ రిపోర్టు తీసుకున్నారు, ఫైలు తెరిచారు. నాకూ తోచలేదు. ఆ క్షణంలో నేను కూడా ఆ వ్యాసం రాసినవాళ్ళ పక్కనే ఉన్నాననిపించింది.

వ్యాస రచయితల్లో ఒకరికి ఉత్తరం రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. మా దగ్గర ఉన్నది మా ఆస్పత్రి రికార్డు, అది ఇక్కడ పేరు నమోదు చేసుకున్న రోజునే మొదలవుతుంది, అంతకుముందు జరిగింది మాకు తెలియదు, తెలియనిది మేం రాయలేం అన్నారు. మీ సూచన గమనించాం అని కూడా రాశారు. ఆ జవాబులో నాకు కపటం కనిపించలేదు. ఆయన చెప్పింది నిజమే. సరిగ్గా అక్కడే నాకు విషయం అర్థమైంది. అన్యాయం చెయ్యడానికి ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు. కథ ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకుంటే చాలు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కోడలు ఇల్లు వదిలి వెళ్ళిపోయిన రోజున కథ మొదలుపెడితే ఆవిడ బరితెగించింది అవుతుంది. కాపురానికి వచ్చిన రోజున మొదలుపెడితే అదే మనిషి వేరే మనిషి అవుతుంది. రెండు కథల్లోనూ సంఘటనలు నిజమే. ఫైలు తెరిచిన రోజున మొదలుపెడితే అత్తయ్య ఆలస్యంగా వచ్చింది. మొదటి చీటీ దగ్గర మొదలుపెడితే ఆవిడ నాలుగో రోజే వచ్చింది, వైద్యం ఏడు నెలలు ఆలస్యంగా వచ్చింది. 'వచ్చారు' అన్న క్రియకి రోగిని కర్తగా నిలబెట్టే అలవాటు ఆ తేడాని మింగేస్తోంది.

తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో ఒక రకం అన్యాయాన్ని వివరించింది. వినేవాళ్ళ మనసులో ఉన్న దురభిప్రాయం వల్ల, చెప్పేవాళ్ళ మాటకి దక్కాల్సినంత విలువ దక్కకపోవడం. మనిషిని తెలుసుకోగలిగిన మనిషిగా గుర్తించకపోవడమే ఆ గాయం. అత్తయ్యకి అది రెండుసార్లు జరిగింది. "ముట్టు కాదండీ, ఇది మూత్రంలోదే" అని ఆవిడ చెప్పిన మాట మొదటి గదిలో లెక్కలోకి రాలేదు. రెండోసారి, ఆ మాట చెప్పిందన్న సంగతే వ్యాసంలో లేకుండా పోయింది. మొదటిది ఒక డాక్టరు చేసిన తప్పు. రెండోదానికి ఒక మనిషిని తప్పుపట్టలేం. అది రాసే పద్ధతిలోనే ఉంది. రాసే పద్ధతిలో ఉంది కాబట్టే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ వాక్యం చదివిన రేపటి డాక్టరు, ఆడవాళ్ళే ఆలస్యంగా వస్తారని నేర్చుకుంటాడు. తన గదిలో జరుగుతున్న ఆలస్యం అతనికి కనిపించదు.

పద్ధతి మారదా అంటే, మారగలదు. 2014లో అమెరికాలో ఒక బృందం ఇన్సూరెన్స్ రికార్డులు తీసుకుని లెక్కని ఆస్పత్రి దగ్గర కాకుండా, మూత్రంలో రక్తం అని డాక్టరు దగ్గర మొదటిసారి నమోదైన రోజు దగ్గర మొదలుపెట్టింది. అక్కడి నుంచి క్యాన్సర్ అని తేలేవరకు మగవాళ్ళకి సగటున 74 రోజులు పడితే ఆడవాళ్ళకి 85 రోజులు పట్టింది. మధ్యలో ఇన్ఫెక్షన్ అనిపించుకున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 'క్యాన్సర్' అనే పత్రికలో అచ్చయిన వ్యాసమది. అదే శాస్త్రం, అదే కొలబద్ద. మొదలుపెట్టిన చోటు మారింది, వాక్యానికి కర్త మారిపోయింది.

పత్రికలు కూడా కొన్ని నియమాలు పెట్టుకున్నాయి. ఒక రోగి గురించి రాసే వ్యాసంలో ఆ రోగి అనుభవానికి వీలైనంతవరకు చోటివ్వాలని 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాలు చెప్పాయి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వ్యాసాల పరిశీలనలో రోగుల్ని కూడా భాగం చెయ్యడం మొదలుపెట్టింది. ఆడ, మగ ఫలితాల్ని విడివిడిగా చూపించమని 2016లో సేజర్ మార్గదర్శకాలు అడిగాయి. విడివిడిగా లెక్కపెట్టడం అవసరమే. కానీ మా అత్తయ్య ఉన్న వ్యాసంలో కూడా ఆడవాళ్ళని విడిగానే లెక్కపెట్టారు. లెక్కలో ఉన్నారు, కథలో లేరు. ఇక రచయితలు ఎవరన్న నియమాలు చూస్తే, సమాచారం సేకరించడం రచయిత అనిపించుకోవడానికి కావలసిన అర్హతల్లో ఒకటి. ఇవ్వడం ఆ జాబితాలోనే లేదు. తీసుకోవడం పని అయింది, ఇవ్వడం పని కాలేదు. ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీకి పట్టిన గతే ఇక్కడా పట్టిందనిపిస్తుంది.

ఇదంతా చెప్పి ఆడవాళ్ళు ఎప్పుడూ ఆలస్యం చెయ్యరని నేననడం లేదు. తోడు దొరక్క, చేతిలో డబ్బు లేక, చెప్పుకోవడానికి సిగ్గుపడి నెలల తరబడి భరించేవాళ్ళు మన చుట్టూ ఎంతమందో. అత్తయ్య కూడా మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా వాదన ఒకటే. ఎవరు ఎంత ఆలస్యం చేశారో తెలియాలంటే ముందు అడగాలి. అడగకుండా రాసిన 'ఆలస్యం' పరిశోధన కనిపెట్టింది కాదు, పరిశోధనకి ముందే మన మనసుల్లో ఉన్నది. ఫైలులో ఒక్క గడి చాలు. 'మొదట ఎప్పుడు, ఎవరికి చెప్పారు? వాళ్ళేమన్నారు?' ఆ గడి ఉంటే అత్తయ్య పేరు ఎక్కడా రాయకుండానే ఆవిడ మాట వ్యాసంలో ఉండేది. ఆ వ్యాసం ఆవిడకి బాకీ పడింది అదే.

ఇక మిగిలింది నా సంగతి. నేను కూడా ఆవిడ ఒంటి గురించే రాస్తున్నాను. ఈ వ్యాసం కింద పేరు నాదే ఉంటుంది. అడగకుండా ఇది అచ్చుకి పంపితే ఆస్పత్రి వాళ్ళకీ నాకూ తేడా లేదు. అందుకని మొత్తం చదివి వినిపించాను. స్వీడన్ ముసలావిడ దగ్గర ఆపించి, "ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది. తెలియదన్నాను. బస్సు టిక్కెట్ల సంగతి ఎందుకు రాశావని నవ్వింది. పేరు పెట్టమంటావా అని అడిగాను.

"పేరెందుకులే. ఊళ్ళోవాళ్ళకి కడుపులో గడ్డనే ఉండనీ" అంది. కవరులో చీటీలన్నీ మళ్ళీ వరసగా సర్దుకుంటూ, "నాలుగో రోజే వెళ్ళానని మాత్రం రాయి" అంది.

రాశాను.